జతల లెక్క: మాన్యఖేటము నుండి గణనయంత్రము వరకు



జుక్కల్ బజారులో కొంతసేపు నిలిచిన మనుష్యుని చెవిని నాలుగు భాషలు పడును. తెలుగు ఉన్నది. దెగ్లూరు వైపునుండి వచ్చిన వారి మరాఠి ఉన్నది. బీదరు సీమవారి కన్నడము ఉన్నది. నిజాము కాలమునుండి కచేరీలలోను అంగళ్లలోను నిలిచిపోయిన ఉర్దూ ఉన్నది. ఇది వింత గాదు. 1956వ సంవత్సరము వరకు జుక్కల్ నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలోని యొక సర్కిలు. ఆ యేడు నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను ఆ తాలూకానుండి వేరుచేసి ఆంధ్రప్రదేశమున గలిపిరి. పిమ్మట అరువది యేండ్లు నిజామాబాదు జిల్లాలో నుండి, 2016లో జుక్కల్ కామారెడ్డి జిల్లాలోనికి వచ్చెను. పటముమీది గీతలు మారినవి గాని బజారులోని భాషలు నాలుగును నిలిచియే యున్నవి.

ఈ నాలుగు భాషల నడుమ మాట నడుపుటకు దుబాసీలు కావలెననుకొందము. ఒక్కొక్క దుబాసీ రెండేసి భాషలు మాత్రమే యెరిగినవాడు. ఎందరు కావలెను? వ్రేళ్లమీద లెక్కింపుడు. తెలుగును మొదట పట్టినచో మరాఠితో, కన్నడముతో, ఉర్దూతో మూడు జతలు. మరాఠిని పట్టినచో తెలుగుతో జత ముందే అయినది గనుక కన్నడముతో, ఉర్దూతో రెండు. కన్నడమునకు మిగిలినది ఉర్దూ ఒక్కటి. మూడును రెండును ఒకటియు గలిపి ఆరు.

అయితే పత్రములు వ్రాయు పని యెట్టిదో చూడుడు. తెలుగునుండి మరాఠికి చక్కగా మార్చువాడు మరాఠినుండి తెలుగునకు అంత చక్కగా మార్చలేకపోవచ్చును. పోకకు ఒకడు, రాకకు ఒకడు వేరుగా నుండవలెనన్నచో పండ్రెండుగురు కావలెను. తెలుగు పత్రమునకు తెలుగుననే నకలు తీయు వ్రాయసగానిని గూడ లెక్కలోనికి దెచ్చినచో, భాషకొక్కడు చొప్పున నలుగురు పెరిగి పదునారుగురగుదురు. నాలుగు భాషలు మారలేదు. ప్రశ్న మారుటచేత ఆరు, పండ్రెండు, పదునారు అను మూడు సమాధానములు వచ్చినవి. ఈ మూడింటిలో ఏది మనకు గావలెనో ముందుగా నిశ్చయించుకొనక పోవుటయే జతల లెక్కలో జరుగు తప్పులలో పెద్దది.

ఈ ప్రసంగమునకు కారణము మా మేనల్లుడు. వాడు పట్టణమున కంప్యూటరు చదువు చదువుచున్నాడు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఒక లక్ష సంఖ్యల వరుసనిచ్చి, ప్రతిదానిని ప్రతిదానితో జతచేసి కూడుమని తన యంత్రమునకు ఆజ్ఞ యిచ్చి కూర్చుండెను. యంత్రము కొంతసేపు వేడెక్కి, పిదప పలుకక బిగుసుకొని పోయెను. నేను వానిని, “ఎన్ని జతలగునో ముందు లెక్క చూచితివా?” అని యడిగితిని. “అది యంత్రమే చూచుకొనును గదా మామా” అనెను. చూచుకొనదు. లక్షను లక్షతో హెచ్చించినచో వేయి కోట్లు. ఒక్కొక్క ఫలమును నిలుపుకొనుటకు యంత్రమునకు ఎనిమిది బైట్ల చోటు కావలెను. బైటు అనగా యంత్రపు జ్ఞాపకమునకు కొలత, గాదెకు బస్తా వంటిది. మొత్తము ఎనిమిది వేల కోట్ల బైట్లు. వాని యంత్రమున ఉన్న చోటు అందులో పదవవంతు గూడ లేదు. ముందు ఆ లెక్క వేసికొన్నచో అంతసేపు కూర్చుండ నక్కరలేక పోయెడిది. జతలను పేర్చి చూపుట యొక విద్య, పేర్చకయే వాని సంఖ్య చెప్పుట మరియొక విద్య. ఆ రెండవ విద్యకు సూత్రము వ్రాసిన మహానుభావుడు మనకు దూరపువాడు గాడు.

జుక్కల్ నుండి బీదరు మీదుగా ఇంకను దక్షిణమునకు పోయినచో, కలబురిగి జిల్లాలో కాగిణా నది యొడ్డున మళఖేడ అను గ్రామము కలదు. ఇప్పుడచట పాడుపడిన కోట యొకటి యున్నది. వేయిన్నూరేండ్ల క్రిందట అదియే మాన్యఖేటము, రాష్ట్రకూట చక్రవర్తుల రాజధాని. వారి యేలుబడి దక్కను నంతటను వ్యాపించి యుండెను. మన మంజీర తీరమును అందులోనిదే. వేములవాడనేలిన చాళుక్యులు వారికి సామంతులు. ఆ రాష్ట్రకూటులలో నృపతుంగుడను బిరుదుగల అమోఘవర్షుడు 814 మొదలుకొని 878 వరకు, అరువది యేండ్లకు పైబడి రాజ్యము చేసెను. జైనులను ఆదరించినవాడు. అతని కాలమున, 850 ప్రాంతమున, మహావీరాచార్యుడను జైన పండితుడు గణితసారసంగ్రహమను సంస్కృత గ్రంథమును రచించి, దాని మొదట ఆ రాజును కొనియాడెను.

ఆ గ్రంథమునకు ముందు మన దేశమున గణితము చాలవరకు జ్యోతిషమునకు అంగముగా నుండెను. ఆర్యభటుడును బ్రహ్మగుప్తుడును గ్రహగతులు చెప్పుచు నడుమ కొన్ని అధ్యాయములలో లెక్కలు చెప్పిరి. మహావీరుడు గణితమునకే వేరుగా పుస్తకము వ్రాసెను. వడ్డీలు, పంపకములు, బంగారపు వన్నె, గుంటలు, గోడలు, వీని లెక్కలన్నియు అందులో గలవు. ఆ గ్రంథమున మిశ్రకవ్యవహారమను ప్రకరణములో మనకు గావలసిన సూత్రమున్నది. దాని యుదాహరణము చూచినచో మన యింటి లెక్కవలెనే యుండును. వగరు, చేదు, పులుపు, కారము, ఉప్పు, తీపి యను ఆరు రుచులను ఒకటొకటిగా, రెండేసిగా, మూడేసిగా కలుపుచు పోయినచో ఎన్ని విధములగునని ఆయన గణకుని ప్రశ్నించును.

సూత్రమును నా మాటలలో చెప్పెదను. దగ్గర పలక యున్నచో తీసికొనుడు. పై వరుసలో 1, 2, 3, 4, 5, 6 అని వ్రాయుడు. దాని క్రింద తలక్రిందుగా 6, 5, 4, 3, 2, 1 అని వ్రాయుడు. ఇక కుడినుండి ఎడమకు రండు. ఒకే రుచి పట్టవలెనన్నచో పైనున్న 6ను క్రిందనున్న 1చే భాగింపుడు: ఆరు. రెండేసి కావలెనన్నచో పైన 6, 5 హెచ్చించిన ముప్పది, క్రింద 1, 2 హెచ్చించిన రెండు, భాగించిన పదునైదు. మూడేసికి పైన నూట యిరువది, క్రింద ఆరు, ఇరువది. నాలుగేసికి మరల పదునైదు, అయిదేసికి ఆరు, ఆరును కలిపినది ఒక్కటి. ఆ చివరి ఒక్కటియే మన ఉగాది పచ్చడి. అన్నియు కూడిన అరువది మూడు.

క్రింది వరుసతో భాగించుట యెందుకు? ఇది తెలియనివాడు సూత్రమును చిలుకవలె వల్లించును గాని ప్రశ్న కొంచెము మారినచో తడబడును. రెండేసి రుచుల సంగతి చూడుడు. మొదటి రుచిని ఆరు విధముల తీయవచ్చును. అది తీసిన పిదప మిగిలిన అయిదింటిలో నొకటి తీయవచ్చును. ఆరు అయిదులు ముప్పది. కాని తీపి ముందు తీసి పులుపు తరువాత తీసినను, పులుపు ముందు తీసి తీపి తరువాత తీసినను గిన్నెలోనిది ఒకటే. ప్రతి జతయు రెండుమార్లు లెక్కకు వచ్చినది. కనుక సగము. మూడేసియైనచో ఒక్కొక్క గుంపు ఆరుమార్లు వచ్చును గనుక ఆరవవంతు. దుబాసీల లెక్కలో పండ్రెండు ఆరైనది గూడ ఇట్లే.

మహావీరునికి ముందు ఈ సంగతి ఎవరికిని తెలియదని నేను చెప్పను. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రములో రసభేదములు అరువది మూడని యున్నది. వైద్యులు వానిని పేర్చియే లెక్కించిరి. తీపితో అయిదు, పులుపుతో నాలుగు, ఉప్పుతో మూడు, కారముతో రెండు, చేదుతో ఒకటి, ఇట్లు పదునైదు జతలు. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో అత్తరులు చేయు విధము చెప్పుచు, పదునారు సుగంధద్రవ్యములలో నాలుగేసి తీసినచో 1820 విధములగునని లెక్క గట్టెను. దానికి ఆయన చెప్పిన మార్గము లోష్టప్రస్తారము, అనగా గడ్డలు పేర్చి చూచు పద్ధతి. మహావీరుడు చేసిన గొప్ప యేమన, గడ్డలతో పని లేకుండ, వస్తువులెన్ని యైనను, వానిలో ఎన్నేసి తీసినను సరిపడు ఒకే విధిని మాటలలో కూర్చుట. మూడు శతాబ్దములకు పిమ్మట, 1150లో, భాస్కరాచార్యుడు లీలావతిలో ఆ షడ్రుచుల లెక్కనే మరల వేసెను. ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున లేవి బెన్ గెర్సోన్ అను యూదు పండితుడు 1321లో ఇట్టి నియమములను నిరూపణములతో సహా వ్రాసెను. ఆయనకు మన పుస్తకము అందినదని చెప్పుటకు ఆధారము లేదు. లోకమున నున్న విద్య యంతయు మన యింటినుండియే పోయినదని చెప్పు అలవాటు మనవారిలో కొందరికి గలదు. ఆ గొప్ప నాకు రుచింపదు. ఇక్కడివాడు ఇది చేసెనని తెలిసికొన్న చాలును.

ఈ విద్యకు మరియొక పుట్టినిల్లు ఛందస్సు. గురువు, లఘువు అను రెండే గుర్తులు. వానిని పేర్చి ఎన్ని వృత్తములగునో చూచుటను ప్రస్తారమందురు. పింగళుడు దీనికి సూత్రములు చెప్పెను. పదవ శతాబ్దమున హలాయుధుడు ఆ సూత్రములకు వ్యాఖ్య వ్రాయుచు మేరుప్రస్తారమును వివరించెను. శిఖరమున నొక గడి, దాని క్రింద రెండు, వాని క్రింద మూడు. ఈ విధముగా కొండవలె గడులు గీసి, అంచుగడులలో ఒకట్లు వ్రాసి, తక్కిన గడులలో పైనున్న రెండింటి మొత్తమును వ్రాయుచు పోవలెను. ఏడవ వరుసకు వచ్చినప్పుడు 1, 6, 15, 20, 15, 6, 1 అని కనబడును. అవే మన ఆరు రుచుల లెక్కలు; మొదటి ఒకటి మాత్రము ఏ రుచియు కలపని చప్పిడి గిన్నె. ఈ హలాయుధుడు మొదట మాన్యఖేటమున రాష్ట్రకూట మూడవ కృష్ణుని ఆశ్రయమున నుండి కవిరహస్యము వ్రాసి, పిదప మాళవమునకు పోయి పరమార ముంజరాజు కొలువున ఛందోవ్యాఖ్య వ్రాసెనని పండితులు చెప్పుదురు. 972లో మాన్యఖేటమును కొల్లగొట్టినవాడు ఆ ముంజుని తండ్రి సీయకుడు. ఆ మరుసటి యేటనే రాష్ట్రకూటుల ప్రభుత్వము చాళుక్య తైలపుని చేతికి పోయెను. నగరము కూలినది, పండితుడు కూల్చినవారి యింట చేరినాడు, విద్య నిలిచినది. రాజకీయములలో నీతి వెదకువారికి ఇట్టి కథలు ఇబ్బంది కలిగించును.

మన తెలుగు ఛందస్సుకును ఆ జైన, రాష్ట్రకూట లోకమునకును సంబంధము గలదు. వేములవాడ చాళుక్యుల కాలమున, 945 ప్రాంతమున, కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్టమీద వేయించిన శాసనమున మూడు తెలుగు కందపద్యములున్నవి. అది కరీంనగరము వైపుననే. తెలుగున ఛందోగ్రంథములలో మొదటిదిగా చెప్పబడు కవిజనాశ్రయమును రచించిన మల్లియ రేచనయు జైనుడే.

మన జాతులను ఉపజాతులను చూచినచో జతల లెక్క యింకను స్పష్టముగా కనబడును. సూర్యగణములు రెండు: నగణము, హగణము. ఇంద్రగణములు ఆరు: నగము, నలము, సలము, భగణము, రగణము, తగణము. తేటగీతి పాదమున ఒక సూర్యగణము, రెండింద్రగణములు, రెండు సూర్యగణములు వరుసగా నుండవలెను. ఆ రెండింద్రగణముల జతను ఎన్ని విధముల కూర్చవచ్చును? ఇచట భగణము ముందును రగణము వెనుకను వచ్చుట వేరు, రగణము ముందును భగణము వెనుకను వచ్చుట వేరు, నడక మారును. భగణము వెంట మరల భగణమే రావచ్చును. కనుక సగము చేయరాదు, తీసివేయను రాదు. ఆరు ఆరులు ముప్పదియారు. ఇది రుచుల లెక్క గాదు, నకళ్ల వ్రాయసగాండ్రను గూడ చేర్చుకొన్న పదునారుగురి లెక్క. పాదమంతయు చూచినచో రెండు, ఆరు, ఆరు, రెండు, రెండు హెచ్చించిన 288. నాలుగు పాదములకు 687 కోట్ల 97 లక్షల 7 వేల 136. తేటగీతికి ఇన్ని నడకలున్నవి. కవులు వ్రాసినవి అందులో ఏ మూలకు?

మహావీరుని గణితమును తెలుగునకు తెచ్చినవాడు పావులూరి మల్లన. అతడు రాజరాజనరేంద్రుని కాలమువాడని కొందరు, అటు తరువాతివాడని కొందరు చెప్పుదురు. పిఠాపుర ప్రాంతపు నవఖండవాడ గ్రామముతో ఆ వంశమునకు సంబంధము గలదు. అతని సారసంగ్రహగణితము తెలుగున పుట్టిన శాస్త్రగ్రంథములలో మొదటి వరుసలోనిది. మూలకర్త జినుని స్తుతింపగా మల్లన శివుని స్తుతించెను. లెక్కలకు మతము లేదు గనుక అవి మాత్రము నిలిచినవి. మూల సంస్కృత గ్రంథమునకు పునర్జన్మ 1912లో వచ్చినది. చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు చెందిన ఎం. రంగాచార్యులుగారు కన్నడలిపి తాటాకు ప్రతులను గూడ సమకూర్చి, సరిచూచి, ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేయించిరి. అంతకు ముందు పాశ్చాత్య గణితచరిత్రకారులలో పెక్కుమందికి మహావీరుడు తెలియనివాడే.

ఇక యంత్రముల సంగతి. కంప్యూటరునకు ఆజ్ఞలిచ్చు భాషలలో పైథాను ఒకటి. నెదర్లాండు దేశీయుడగు గీడో వాన్ రోసమ్ దానిని 1991లో మొదట లోకమునకు విడిచెను. పేరు చూచి పామనుకొనరాదు. అది ఒక ఇంగ్లీషు హాస్యబృందము పేరునుండి వచ్చినది. ఆ భాషలో జతలు పేర్చుటకు 2003 నుండి ఒక ఉపకరణముల పెట్టె కలదు. 2008లో దానికి మూడు పనిముట్లు చేరినవి. మొదటిది ప్రతిదానిని ప్రతిదానితో, తనతో తనను గూడ చేర్చి పేర్చును: నాలుగు భాషలకు పదునారు. రెండవది ముందు వెనుకలు పాటించును గాని తనతో తనను కలుపదు: పండ్రెండు. మూడవది ముందు వెనుకలు చూడదు: ఆరు. బజారులో మనము వ్రేళ్లమీద లెక్కించిన మూడు ప్రశ్నలే యవి. ఆ మూడవ పనిముట్టు జతలను పేర్చు క్రమమును గూడ గమనింపుడు. మొదటిదానిని పట్టి తక్కిన అన్నింటితో జతచేసి, పిదప రెండవదానిని దాని తరువాతివానితో మాత్రమే జతచేసి, అట్లే చివరివరకు పోవును. అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. సుశ్రుతుని వైద్యులు రుచులు పేర్చిన క్రమమిదే. ఈ క్రమము పాటించినచో ఏ జతయు జారిపోదు, ఏ జతయు రెండుమార్లు రాదు. పేర్చక సంఖ్య మాత్రము చెప్పు పనిముట్టు 2019లో వచ్చినది. మహావీరుని రెండు వరుసలు చేయు పని అది చేయును.

వట్టి పేర్లు గాక సంఖ్యల వరుసలైనచో మరియొక మార్గమున్నది. ట్రావిస్ ఆలిఫాంట్ అను అమెరికావాడు 2005లో పూర్వపు సాధనములను కలిపి నంపై అను గ్రంథాలయమును కట్టెను. దాని మొదటి పూర్తి రూపము 2006లో వెలువడినది. గ్రంథాలయమన్నచో పుస్తకములు గావు, ముందే వ్రాసియుంచిన ఆజ్ఞల భాండారము. అందులో ఒక వరుసను నిలువుగా నిలిపి, రెండవదానిని అడ్డముగా పరచి, కూడుమన్నచో నిలువులోని ప్రతి సంఖ్యయు అడ్డములోని ప్రతి సంఖ్యతో కలిసి గడుల పట్టిక యొక్క ఊపున వచ్చును. హెచ్చింపుమన్నచో ఎక్కాల పట్టిక వచ్చును. మన పిల్లలు వల్లించు ఎక్కములు ఇట్టి జతల పట్టికయే గదా! ఇట్లు చిన్న వరుసను పట్టిక యంతటను వ్యాపింపజేయుటకు వారు పెట్టిన పేరు బ్రాడ్‌కాస్టింగు. అది మన రేడియోవారి మాట. ఒకచోట పలికిన సంఖ్య అన్ని గడులలోను వినబడునన్న భావము గాబోలు.

సంఖ్యలతో ఒక చిన్న లెక్క. 1, 2, 3, 4 సేర్ల తూకపురాళ్లు నాలుగున్నవనుకొనుడు. రెండేసి రాళ్లు ఒకే తట్టలో వేసి తూచినచో జతలు ఆరు. కాని తూకములు 3, 4, 5, 5, 6, 7. ఒకటియు నాలుగును కలిపినను, రెండును మూడును కలిపినను అయిదే. జతలు ఆరు, తూకములు అయిదు. రాళ్లు 1, 2, 4, 8 సేర్లవి యైనచో జతల తూకములు 3, 5, 9, 6, 10, 12, ఆరును వేరువేరు. అంతేకాదు, ఒకటి గాని రెండు గాని మూడు గాని నాలుగు గాని వేయుచు పోయినచో ఒక సేరు మొదలు పదునైదు సేర్ల వరకు ప్రతి తూకమును ఒక్కొక్క విధముననే వచ్చును. మహావీరుని లెక్కన నాలుగు వస్తువులకు 4, 6, 4, 1, మొత్తము పదునైదే.

ఇప్పుడు మీ యిండ్లలో నున్న పట్టిక యొకటి చెప్పెదను. పంచాంగమున వధూవర గుణమేళన చక్రముండును. నక్షత్రములు ఇరువదియేడు. ఇరువదియేడును ఇరువదియేడుతో హెచ్చించిన 729 గడులు. తొమ్మిది నక్షత్రముల పాదములు రెండేసి రాశులలో చీలియుండును గనుక, వానిని వేరుగా చూపు పంచాంగములలో ముప్పదియారు వరుసలుండును, గడులు 1296. కొందరు పెద్దలు దీనిని చూచి, “అశ్వినీ భరణులు ఒక గడిలో వచ్చినవి, మరల భరణ్యశ్వినులేల? సగము పట్టిక చాలదా?” అని యడుగుట నేను విన్నాను. చాలదు. తార చూచునప్పుడు కన్య నక్షత్రమునుండి వరుని నక్షత్రము వరకు ఎంచవలెను. తిరుగవేసి యెంచినచో మరియొక సంఖ్య వచ్చును. ఇది దుబాసీల పోకరాకల వంటి లెక్క, రుచుల వంటిది గాదు. జాతకములమీద ఎవరి నమ్మకము వారిది. నమ్మువారు మాత్రము నిలువు ఎవరిదో అడ్డము ఎవరిదో పట్టిక తలమీద చదువక వ్రేలు పెట్టరాదు. వ్రేలు తప్పిన గడిలో పడి మంచి సంబంధములు మరలిపోయిన యిండ్లు నేనెరుగుదును.

ఊళ్ల నడుమ దూరముల పట్టిక దీనికి ఎదురు. జుక్కల్ నుండి మద్నూరునకెంతయో మద్నూరునుండి జుక్కలునకు అంతే. తననుండి తనకు సున్న. పది యూళ్ల పట్టికలో నూరు గడులున్నను కొలువవలసినవి నలువదియైదే. గొలుసు పట్టినవారికి సగముకంటె ఎక్కువ శ్రమ తప్పును.

మేనల్లుని సంగతి ముగించి సెలవు తీసికొందును. వాని లక్ష సంఖ్యలలో ముందు వెనుకలు అక్కరలేదని విచారించిన పిదప తేలినది. జతలు వేయి కోట్లు గావు. లక్షను ఒకటి తక్కువ లక్షతో హెచ్చించి సగము చేసిన 499 కోట్ల 99 లక్షల 50 వేలు. అప్పటికిని యంత్రమున చోటు చాలదు. అయితే వానికి గావలసినది జతలన్నింటి పట్టిక గాదు, వాని మొత్తములలో పెద్దది యేదో తెలియుట మాత్రమే. దానికి జతలెందుకు? వరుసలోని రెండు పెద్ద సంఖ్యలు వెదకి కూడిన చాలును. వాడు పలక తీసికొని, పై వరుస, క్రింది వరుస వ్రాసి కొంతసేపు చూచి నవ్వెను. సాయంకాలమునకు యంత్రము మరల పలికెను.